తేదీగా మారిన ఇంటి నెంబరు

వన్ టౌన్‌లోని ఓడల ఏజెంటు ఆఫీసుకి కంప్యూటరు వచ్చినా, ఎవాంజలిన్ వేళ్ళు మాత్రం టైపు మిషను దగ్గరే ఉండిపోయాయి. మేకులు దిగ్గొట్టినట్టు కొడుతుంది. వరస అయిపోగానే, కంప్యూటరుకి లేని లీవరు కోసం ఎడమచెయ్యి గాల్లోకి లేస్తుంది. కొట్టింది మళ్ళీ చూసుకోవడం ఆవిడకి నామోషీ. ఏప్రిల్ ఆఖర్లో తమ్ముడు యోహాన్ పెళ్ళి అనుకున్నాక, పెళ్ళికార్డుల కవర్ల మీద అంటించే చిరునామాలన్నీ ఆఫీసు కంప్యూటరులోని పట్టిక గడుల్లో తనే కొట్టింది.

మార్చి అయిదున పెందుర్తి నుంచి ఫ్రాన్సిస్ చిన్నాన్న కుటుంబమంతా పట్టుబట్టల్లో, స్టీలు బిందెతో సహా ఇంటిముందు ఆటో దిగారు.

“ఏటమ్మా, పందిరెయ్యలేదేటి?”

“పెళ్ళి వచ్చే నెల కదా సిన్నాన్నా.”

“కవరు మీద నువ్వే కొట్టినావు కదే, మార్చి అయిదని.”

ఆయన చూపించిన, ఇంకా విప్పని కవరు చూసి ఎవాంజలిన్ బిత్తరపోయింది. “అది మీ ఇంటి నెంబరు సిన్నాన్నా. అయిదు డాష్ మూడు కొడితే కంప్యూటరు తేదీ సేసీసింది.”

యోహాన్ ఇంకా పంచని కవర్లు ఆవిడకి గుర్తొచ్చాయి. ఏడు డాష్ ఎనిమిదిలో ఉండే మేనత్త ఆగస్టులో దిగుతుంది.

వచ్చినవాళ్ళకి కోడికూర వండిపెట్టి ఆఫీసుకి పరిగెత్తింది. తోటి గుమాస్తా శివరామకృష్ణ చెప్పినట్టు ప్రతి నెంబరూ ముందు ఒక అపాస్ట్రఫీ, అంటే పైన పెట్టే కామా, పెట్టి మళ్ళీ కొట్టింది. కొట్టిన అంకె కొట్టినట్టే నిలబడింది. సాయంత్రం పెళ్ళికార్డు పెట్టిన కొత్త కవరు తెచ్చి చిన్నాన్న చేతిలో పెట్టింది.

ఫ్రాన్సిస్ దాన్ని విప్పకుండానే అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నెంబరు బాగానే ఉందమ్మా. మరి పెళ్ళెప్పుడో రాయలేదేటి?”