తొడుగులతో మోగిన పెళ్లి గంటలు

విల్ఫ్ స్నీత్ ఇంట్లో రెండు కుర్చీలుండేవి. ఒకదాంట్లో ఆయన కూర్చునేవాడు, రెండోదాంట్లో వారం రోజుల పత్రికలు కూర్చునేవి. పెళ్లి చేసుకోలేదు. ఇంగ్లండులో మా ఊరు వేన్‌టాఫ్ట్ చుట్టూ ఉన్న పల్లపు పొలాల నీటిని కాలువలోకి తోడే పంపుల ఇంట్లో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాడు. ఆ పనిలో మనిషికి తోడు ఇంజను చప్పుడే. రిటైరయ్యాక ఆ చప్పుడు కూడా పోయింది.

ఆయనకు మిగిలింది బుధవారం. బుధవారం సాయంత్రం ఏడింటికి చర్చి గోపురంలో గంటల సాధన. ఆరు గంటలు, ఆరు తాళ్లు, ఆరుగురు మనుషులం. విల్ఫ్ గంటల పెద్ద. పద్నాలుగో ఏట తాడు పట్టినవాడు డెబ్భై ఆరో ఏట కూడా వదల్లేదు. మంగళవారం నుంచే గడ్డం గీసుకోవడంలో శ్రద్ధ కనిపించేదని పోస్టాఫీసు జేనెట్ నవ్వేది. జేనెట్, ఆమె భర్త రాయ్ రెండు తాళ్లు పట్టేవారు. నాది మూడో గంట. అన్నిటికంటే బరువైన ఆరో గంట కాలీఫ్లవర్ రైతు బారీ క్రౌసన్‌ది. రెండో గంట రాసాది.

రాసా లిథువేనియా నుంచి వచ్చింది. కూరగాయలు పెట్టెలకెత్తే షెడ్డులో పని. ఆమెకు తాడు పట్టడం నేర్పింది ఎనిడ్ అనే ముసలి టీచరమ్మ. జబ్బుపడి మెట్లెక్కలేని స్థితి వచ్చినప్పుడు, యాభై ఏళ్లుగా తను పట్టిన తాడును రాసా చేతిలో పెట్టింది. "లాగకు తల్లీ, గంట లాగమన్నప్పుడు లాగు" అని చెప్పేదట. రాసా ఇంగ్లీషులో సగం ఆ గోపురంలోనే నేర్చుకుంది.

రెండు వేల పదహారు వేసవిలో దేశమంతా ఒకటే మాట. యూరోపియన్ యూనియన్‌లో ఉందామా, బయటికి వచ్చేద్దామా? జూన్ ఇరవై మూడున ఓటు. మా ఊళ్లో ప్రతి గేటుకీ ఒక అట్ట. చాలా గేట్లకు "బయటికి" అని, అక్కడక్కడా "ఉందాం" అని. విల్ఫ్ గేటుకు మాత్రం ఎప్పటిలాగే "కుక్క లేదు, అయినా గేటు వేయండి" అన్న పాత పలకే.

అందుకే కాబోలు, జూన్ మొదటివారంలో ఊరి హాల్లో చర్చ పెట్టినప్పుడు అధ్యక్షుడిగా ఆయన్నే కూర్చోబెట్టారు. ఎవరి మనిషో తెలియని మనిషి ఆయనొక్కడే. గుడ్లు ఉడకబెట్టేటప్పుడు చూసుకునే ఇసుక గడియారం ఇంటి నుంచి తెచ్చుకుని బల్లమీద పెట్టుకున్నాడు. మనిషికి మూడు నిమిషాలు.

బారీ లేచాడు. "నా పొలంలో కాలవ తవ్వాలంటే బ్రసెల్స్‌లో కూర్చున్న ఆ యూనియన్ వాళ్లను అడగాలి! మా నాన్న ఎవరినీ అడగలేదు!"

"మీ నాన్న పక్కవాడి పొలంలో కూడా అడక్కుండానే తవ్వాడు లేవయ్యా" అని వెనక నుంచి రాయ్ అన్నాడు. హాలంతా నవ్వింది. బారీ కూడా నవ్వాడు. అప్పటికింకా నవ్వగలిగేవాళ్లం.

జేనెట్ లేచి, "బయటికి వస్తే సరుకు ధరలు ఏమవుతాయో ఒక్కరైనా చెప్పండి" అంది. ఎవరో, "డాక్టరు దగ్గర మూడు వారాలు ఆగుతున్నాం, ముందు అది చెప్పు" అన్నారు. ఇంకెవరో, "పదేళ్ల కింద ఈ వీధిలో నడిస్తే అందరి పేర్లూ తెలిసేవి" అన్నారు. వెనక గోడ దగ్గర నిలబడ్డ రాసా తలొంచుకుంది. యూనియన్ దేశపు మనిషిగా ఇక్కడ ఉండి పనిచేసుకునే హక్కే తప్ప ఆమెకు ఓటు లేదు, అయినా వచ్చింది. విల్ఫ్ గడియారం తిప్పుతూనే ఉన్నాడు. గొంతులు పెరిగిన కొద్దీ ఆ ఇసుకను ఎవరూ చూడలేదు.

చివర్లో బారీ అడిగాడు. "సరే పెద్దాయనా, అందరి మాటా విన్నావు. నువ్వెటు?"

"నేనా? బుధవారం ఏడింటికి గోపురంలో ఉంటాను" అన్నాడు విల్ఫ్.

అది హాస్యమనుకుని కొందరు చప్పట్లు కొట్టారు. ఆయన హాస్యమాడలేదు. ఆ రోజు నుంచి ఒక విచిత్రం జరిగింది. "ఉందాం" అనేవాళ్లు విల్ఫ్ బారీ వైపనుకున్నారు. "బయటికి" అనేవాళ్లు జేనెట్ వైపనుకున్నారు. పబ్బులో ఆయన కూర్చున్న బల్ల దగ్గర మాట మారిపోయేది. వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడి లేచిపోయేవారు. "ఇంత వాన సంగతి నా జీవితంలో వినలేదు" అని ఆయన నాతో అన్నాడు.

అంతలో ఎనిడ్ పోయింది. ఓటుకు ముందురోజు బుధవారం మధ్యాహ్నం అంత్యక్రియలు.

చావుకు గంటలు కొట్టే పద్ధతి ఒకటుంది. గంట నాలుకకు ఒక పక్కన తోలు తొడుగు కడతాం. అప్పుడు ఆరు గంటలూ ఒకదాని వెంట ఒకటి మోగే వరస ఒకటి ఖంగుమంటుంది, తరువాతి వరస ఎక్కడో పొలాల అవతల నుంచి వచ్చినట్టు మెత్తగా వినిపిస్తుంది. అయిపోగానే నిచ్చెనెక్కి తొడుగులు విప్పి, గంటల కిందున్న తాళ్ల గదిలో తలుపు వెనకున్న ఆరు కొక్కేలకు తగిలించాలి. నిచ్చెనెక్కడం రాసా పని, కింద పట్టుకోవడం బారీ పని. కొక్కేలు లెక్కపెట్టి తలుపు వేయడం విల్ఫ్ పని. అయితే కొట్టడానికి ముందు గంటలను ఊపి ఊపి పైకెత్తి, నోరు ఆకాశం వైపు ఉండేలా నిలబెడతాం, కొట్టడం ఆపాక కూడా అలాగే నిలబడి ఉంటాయి. ఆ స్థితిలో వాటి దగ్గరికి మనిషి వెళ్లకూడదు, కదిలితే ప్రాణం పోతుంది. కాబట్టి ముందు ఊపు తగ్గిస్తూ ఆరింటినీ కిందికి దించాలి.

ఆ బుధవారం ఎనిడ్ కోసం చక్కగా కొట్టాం. గంటలు నిలబెట్టి, దించే ముందు ఊపిరి పీల్చుకుంటున్నాం. రాసా ముక్కు తుడుచుకుంటోంది. బారీ ఆమెను నవ్వించాలనే అన్నాడని నేను ఇప్పటికీ నమ్ముతాను.

"ఏడవకు పిల్లా. రేపు మా ఓట్లు పడితే ఎలాగూ పెట్టె సర్దుకోవాలిగా, ఈ కన్నీళ్లు దారిలోకి దాచుకో."

రాసా తల తిప్పింది. "నేను వెళ్తే నీ కాలీఫ్లవర్లు ఎవరు కోస్తారు? నీ నాలుకతో కోస్తావా?"

"ఇదిగో, నేను నిన్ననలేదు..."

"మరెవర్నన్నావ్ బారీ?" అంటూ జేనెట్ అందుకుంది. "ఆమె కాకుండా ఇక్కడ ఇంకెవరున్నారు?"

విల్ఫ్ చెయ్యెత్తాడు. "తాళ్ల దగ్గర ఓటు మాట వద్దు."

"నీకెక్కడా ఏ మాటా లేదుగా!" అన్నాడు బారీ. "హాల్లో లేదు, పబ్బులో లేదు. గోడమీద పిల్లిలా కూర్చోవడానికి పుట్టావు."

రాసా మెట్లు దిగిపోయింది. ఆ వెనకే జేనెట్, రాయ్. బారీ కోటు తీసుకుని వెళ్లాడు. నేనూ వెళ్లాను. విల్ఫ్ రెండో తాడు దగ్గర నిలబడి, చెయ్యి వేసేచోట తాడుకు అల్లిన, ఎనిడ్ చేతికి నునుపెక్కిన ఉన్నిపట్టును చూస్తూ ఉన్నాడు. తలుపు వేసేటప్పుడు కొక్కేల వైపు చూడలేదు. తాళ్లు ఎత్తులో ఉన్నాయి కదా, శనివారం పెళ్లికి గంటలు నిలబెట్టే ఉన్నాయి అనుకున్నాడట. అంతవరకే తోచింది. ఆ రాత్రి సాధన ఎలాగూ రద్దు.

శుక్రవారం పొద్దున ఫలితం. దేశం బయటికి రావాలంది. మా ఊళ్లో కార్ల హారన్లు మోగాయి. రాసా షెడ్డుకు వెళ్లేటప్పుడు ఎవరో బస్సు స్టాపు దగ్గర చెయ్యూపి వీడ్కోలు చెప్పారట. ఆమెకు తెలియని మనిషి.

శనివారం పెళ్లి బారీ కూతురిదే. తండ్రి కాబట్టి బారీ కింద చర్చిలో ఉన్నాడు. అతని తాడు పట్టడానికి పక్కూరి నుంచి ఒకాయన వచ్చాడు. మిగతావాళ్లం ఒకరినొకరు చూడకుండా చోట్లలో నిలబడ్డాం. రాసా రాదనుకున్నాను. వచ్చింది. "ఎనిడ్‌కు మాటిచ్చాను, మీరు పిలిస్తే వస్తానని" అంది విల్ఫ్‌తో, ఇంకెవరి వైపూ చూడకుండా.

కింద తలుపులు తెరిచారు. విల్ఫ్ తాడందుకుని, "సిద్ధమా... వదులుతున్నా... వెళ్లింది!" అన్నాడు.

మొదటి వరస ఖంగుమంది. పెళ్లివాళ్ల కేకలు వినిపించాయి. రెండో వరస పొలాల అవతల నుంచి వచ్చింది.

విల్ఫ్ మొహంలో రంగు పోవడం నేను చూశాను. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. మళ్లీ ఖంగుమంది, మళ్లీ చావు వరస. నాలుగు వరసలు అయ్యేసరికి "ఆపండి!" అన్నాడు. గంటలు ఆగిపోయాయి. పెళ్లికూతురు చర్చి గుమ్మంలో ఉంది. దించి, విప్పి, మళ్లీ ఎత్తాలంటే అరగంట. దించేటప్పుడు కూడా ఆ చావు మోత మోగుతూనే ఉంటుంది.

మెట్లమీద అడుగులు. బారీ బూడిదరంగు సూటులో, కోటుకు గులాబీతో వచ్చాడు. గోడలు అదిరేలా అరుస్తాడనుకున్నాను. గొంతు తగ్గించి అడిగాడు.

"ఓడిపోయినందుకు సంతాపమా? నా కూతురి పెళ్లి రోజునా?"

"మరిచిపోయాను బారీ" అన్నాడు విల్ఫ్.

"ముప్పై ఏళ్లుగా ప్రతిసారీ లెక్కపెట్టినవాడివి. ఈ ఒక్క వారం మరిచిపోయావు?"

రాసా ముందుకొచ్చింది. "ఎక్కి విప్పాల్సింది నేను..."

బారీ ఆమె వైపు తిరిగాడు. ఆ చూపు నాకు గుర్తుంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమెను ఈ ఊళ్లో ఉండనివ్వరని గదిలో అందరికీ తెలిసింది. విల్ఫ్ ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"ఆ అమ్మాయికేం సంబంధం? గంటల పెద్దను నేను. తలుపు వేసింది నేను. ఎవరినైనా అనాలనుకుంటే నన్నను."

"కావాలని చేశావా?"

"లేదు."

"నమ్మను."

"సరే" అన్నాడు విల్ఫ్.

బారీ గులాబీ సర్దుకుని దిగిపోయాడు. మళ్లీ ఆ మెట్లెక్కలేదు.

సోమవారానికి కథ ఊరు దాటింది. "విల్ఫ్ స్నీత్ ఓటు ఫలితానికి చావు గంటలు కొట్టాడు." పబ్బులో వాన మాటలు కూడా ఆగిపోయాయి. అంతకంటే బాధ పెట్టింది రెండోవైపువాళ్లు, ఓటులో ఓడినవాళ్లు. ఎక్కడెక్కడివాళ్లో ఇంటి తలుపు తట్టి, "భేష్ పెద్దాయనా, ధైర్యం చేశావు" అని చెయ్యి కలిపారట. జేనెట్ కూడా లోపల్లోపల అలాగే అనుకుందని ఆయనకు తెలిసింది. "అది పొరపాటు" అంటే వాళ్లు కన్ను గీటేవారు. నిజం చెప్పుకోవడానికి ఊళ్లో ఒక్క వైపు కూడా మిగల్లేదు.

తొడుగులు మాత్రం ఇంకా పైనే ఉన్నాయి. ఆ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం ఆయన ఒక్కడే గోపురమెక్కి, ఒక్కో గంటనే దించుకున్నాడు. ఆరుసార్లు ఆ మోత, ఖంగుమని ఒకటి, మెత్తగా ఒకటి, క్రమంగా చిన్నదై ఆగిపోవడం. ఊరంతా విని, "ముసలాడు ఇంకా ఏడుస్తున్నాడు" అంది. నేను పెరట్లో బంగాళాదుంపలు తవ్వుతున్నాను. ఇప్పుడు నిచ్చెన ఎక్కుతాడని నాకు తెలుసు. మోకాళ్లు సహకరించవని తెలుసు. కింద పట్టుకునేవాళ్లు లేరని తెలుసు. పార నేలలో గుచ్చి గేటు దాకా వెళ్లాను. గేటు దగ్గర బారీ తమ్ముడు కుక్కతో నిలబడి ఉన్నాడు. వాన పడేలా ఉందన్నాడు. అవునన్నాను. తిరిగి వచ్చి తవ్వుకున్నాను.

తరవాతి బుధవారం ఏడింటికి ఒక్క గంట మోగింది. శుభ్రంగా, రెండు దెబ్బలూ ఖంగుమంటూ. పది నిమిషాలకు ఇంకో గంట, తరవాత ఇంకోటి. ఆరు తాళ్ల దగ్గరికీ వరసగా నడిచి ఒక్కోదాన్నీ ఎత్తి, కొట్టి, దించుతున్నాడు. తొడుగులు తీసేశానని ఊరికి చెప్పడానికి ఆయన దగ్గర ఇంకో మార్గం లేదు. బారీ సరిగ్గా ఏడింటికి ట్రాక్టరు స్టార్టు చేసేవాడు. జేనెట్, రాయ్ బుధవారాలు సినిమాకు వెళ్లడం మొదలుపెట్టారు.

ఆగస్టులో రాసా పీటర్‌బరో పట్నానికి మారిపోయింది. వెళ్లే ముందు బుధవారం గోపురమెక్కింది. ఒకటో గంట ఆయన, రెండో గంట ఆమె పట్టి కొట్టారట. "మీరెందుకు నా మీద పడనివ్వలేదు?" అని అడిగిందట.

"నాకు ఇల్లుంది ఇక్కడ. నీకు ఇంకా లేదు" అన్నాడట ఆయన.

ఇదంతా విల్ఫ్ నాతో అక్టోబరులో చెప్పాడు. అప్పటికి పదహారు బుధవారాలు పెరట్లోనో, వంటింటి కిటికీ దగ్గరో నిలబడి విన్నాను. పదిహేడో బుధవారం మెట్లెక్కాను. గదిలో చలి. ఆయన నాలుగో తాడు దగ్గర ఉన్నాడు. నన్ను చూసి తాడు ఆపి నిలబెట్టాడు.

"ఆలస్యమైంది నీకు" అన్నాడు.

"అవును" అన్నాను.

"మూడోది పట్టు. కాస్త బిగిసింది, తాడు మార్చాలి."

కొట్టాం. రెండు గంటలతో పెద్దగా ఏం వస్తుంది? ఆయనది, నాది, ఆయనది, నాది. మిగతా నాలుగు తాళ్లు ఉన్నిపట్టుల బరువుకు కొంచెం ఊగుతూ నిలబడ్డాయి. దించేశాక కోటు తొడుక్కుని, తలుపు పక్కకు జరిపి, కొక్కేల మీద ఒక్కో తొడుగూ వేలితో ముట్టుకుంటూ లెక్కపెట్టాడు. చివరిదాని దగ్గర ఆగి నా వైపు తిరిగాడు.

"నువ్వు కూడా చూడు" అన్నాడు.

నేను లెక్కపెట్టాను. ఆరూ ఉన్నాయి. ఉన్నాయని చెప్పాను. అయినా దీపం ఆర్పే ముందు ఆయన మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.