మూడో రోజు ఫోన్

వరంగల్ కొత్తవాడలో సుభాషిణి దవాఖాన పెట్టి పదకొండేళ్లు. జంపఖానాలు నేసే ఇంటి బిడ్డ, డాక్టరై మళ్లీ ఆ వాడకే వచ్చిందని జనం బాగానే వచ్చేవారు. ఆమె మీద ఒక్కటే ఫిర్యాదు: దగ్గని పోతే యాంటీబయాటిక్ రాయదు. ఛాతీ విని, శ్వాస లెక్కపెట్టి, "వైరస్ దగ్గు, మూడు వారాలుంటది. గోళీలతోని తొందరగ పోదు" అని పంపేస్తుంది. చాలామంది అటునుంచటే మెడికల్ షాపుకు పోయి కొనుక్కునేవారు.

నిరుడు వానాకాలంలో పండరి వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఆమె తండ్రితో కలిసి మగ్గం నేసినవాడు. ఐదు రోజుల దగ్గు. జ్వరం లేదు, ఛాతీలో ఏ చప్పుడూ లేదు.

"ఇప్పుడైతే మందు అవసరం లేదు కాకా. జ్వరమొచ్చినా, ఆయాసమొచ్చినా వెంటనే రా."

"నువ్వు చెప్పినంక ఇంకేముంది బిడ్డా" అని పండరి లేచాడు.

నాలుగో రోజు పొద్దున అతని భార్య అనసూర్య పరుగున వచ్చింది. "మీ కాక లేస్తలేడు. రెండు రోజులసంది ఒళ్లు కాలిపోతాంది. పోదాం పా అంటే, మందు వద్దన్నది గదా అంటాండు."

సుభాషిణి వరుసలో ఉన్నవాళ్లను వదిలేసి వెళ్లింది. నిమిషానికి ముప్పై నాలుగు శ్వాసలు, కుడివైపు కింద గరగర. నిమోనియా. తనే ఆటోలో పెద్ద దవాఖానకు తీసుకుపోయి చేర్పించింది. ఈసారి యాంటీబయాటిక్ నేరుగా నరంలోకి ఎక్కించారు. ఆరు రోజులకు పండరి ఇంటికొచ్చాడు.

అతన్ని చూడటానికి సుభాషిణి వెళ్తే అనసూర్య గుమ్మంలోనే అడిగింది, "ఒక్క గోళీ రాస్తే నీ సొమ్మేం పోయేది బిడ్డా?"

మొదటి రోజు విన్నప్పుడు ఛాతీ శుభ్రంగానే ఉందని సుభాషిణికి తెలుసు. ఆ మాట అనలేదు. మందు వద్దన్న మాట పండరికి చేరింది, మళ్లీ రమ్మన్నది చేరలేదు. అదే ఆమె మనసులో కలుక్కుమంది.

"కాక రాకపోతే నేనన్నా ఫోన్ చెయ్యాల్సుండె చిన్నమ్మా. అది నా తప్పు."

ఆ తర్వాత కూడా వైరస్ దగ్గుకు ఆమె యాంటీబయాటిక్ రాయలేదు. కాని అరవై దాటినవాళ్లకు మూడో రోజు తనే ఫోన్ చేస్తుంది. ఎత్తకపోతే ఇంటికి పోతుంది. కొందరు ఇప్పటికీ షాపుకే పోతారు.

చలికాలంలో అనసూర్యకే దగ్గు పట్టింది. సుభాషిణి ఛాతీ విని మందు వద్దంది. అనసూర్య వాదించలేదు.

"ఫోన్ నా నంబర్‌కు చెయ్యి. మీ కాక ఎత్తడు."