వంతెన లేని ఊరు

నేను జర్మనీ ఎప్పుడూ చూడలేదు. అయినా అక్కడి ఒక చిన్న ఊరి గురించి, నేను పుట్టిపెరిగిన ఊరి కంటే కచ్చితంగా చెప్పగలను. నదికి ఎడమ గట్టున పొడుగ్గా ఒకే ఒక వీధి. వీధి వెనక ఏటవాలుగా ద్రాక్షతోటలు. రొట్టెల బండి మంగళవారం, శుక్రవారం వస్తుంది. పంచాయతీ ఆఫీసు వారానికి రెండు పూటలే తెరుస్తారు. ఆ ఊరికి వంతెన లేదు.

ఈ ఆఖరి మాట కోసమే నేను మా టీమ్ లీడ్‌కి ఎదురు తిరిగాను.

అప్పట్లో సింగపూర్ చాంగీ బిజినెస్ పార్క్‌లో నెలకో కొత్త కంపెనీ బోర్డు కనిపించేది. పొద్దున ఎక్స్‌పో స్టేషన్‌లో దిగితే ముందూ వెనకా తెలుగే వినిపించేది. ఉద్యోగం కోసం యూరప్‌లో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారే కుటుంబాల కోసం మా కంపెనీ ఒక క్లయింట్‌కి వెబ్‌సైట్ తయారుచేస్తుండేది. ఊరికో పేజీ. జనాభా, బడి, డాక్టరు, దారి, నాలుగు మాటల్లో ఊరి వర్ణన. నా వాటాకి ఒక నది వెంట ఉన్న చిన్న ఊళ్ళు వచ్చాయి.

మా పని పద్ధతి ఇది. పెద్ద ఊరి పేజీ ఎవరో ఒకరు శ్రద్ధగా రాస్తారు. చుట్టుపక్కల చిన్న ఊళ్ళకి దాన్నే కాపీ చేసి పేరు, జనాభా మార్చేస్తాం. ప్రతి పేజీ అడుగున ‘సరిచూశాను’ అని ఒక గడి ఉంటుంది. రాసినవాళ్ళే దాంట్లో టిక్ పెట్టాలి. శుక్రవారం భోజనాలయ్యాక అందరం కూర్చుని వారం పేజీలన్నిటికీ ఒక్కసారే టిక్కులు కొట్టేవాళ్ళం. ఎవరు ముందు ముగిస్తారని పందేలు కూడా వేసుకునేవాళ్ళు. నేనూ కొట్టాను. ఒకసారి గెలిచాను కూడా.

అలా గెలిచిన వారంలోనే ఆ ఊరి పేజీ వెళ్ళింది. ఎగువనున్న పెద్ద ఊరి పేజీలోంచి దాని వంతెన కూడా నా చేతి మీదుగా ఈ ఊరికి వచ్చేసింది.

నెల తిరక్కుండా పంచాయతీ ఆఫీసు నుంచి ఒకావిడ మెయిల్ రాసింది. ఒక కుటుంబం సామాను లారీతో నది అవతలి గట్టుకి వచ్చిందట. డ్రైవర్ చేతిలో మా పేజీ కాగితం. వంతెన ఏదని అడిగితే, అక్కడున్నవాళ్ళు నీళ్ళకేసి చూపించారట. ఉన్నది ఒక చిన్న బల్లకట్టు. మనుషులు, సైకిళ్ళు, ఒకటి రెండు కార్లు ఎక్కుతాయి. లారీ గట్టు సందులో ఇరుక్కుని, వెనక్కి తిప్పడానికే సగం పూట పట్టిందట. చంటిపిల్లతో ఆ తల్లి గట్టు మీదే కూర్చుందట. చివర్లో ఆవిడ మర్యాదగానే రాసింది, మాకు వంతెన ఎన్నడూ లేదు, దయచేసి తీసేయండి అని.

ఆ మెయిల్ రెండుసార్లు చదివాను. ఆ తల్లిని గట్టు మీద కూర్చోబెట్టింది నేను.

మిగతా పేజీలు తెరిచి చూశాను. ఆ వంతెన అదే నది మీద ఇంకో మూడు ఊళ్ళలో ఉంది. అన్నిటి కిందా నా టిక్కే.

సెంగ్‌కాంగ్‌లో నాతో ఫ్లాట్‌లో ఉండే కరీంనగర్ అమ్మాయికి చెప్పాను. ఆ ఆఫీసుకి ఫోన్ చేసి అన్నీ అడిగి మళ్ళీ రాస్తానంటే నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

“హాకర్ సెంటర్ల తిననీకి వోతే ఇంకింత కూర పొయ్యమని అంకుల్‌ను అడగనీకే సిగ్గువడ్తవ్. నాతోని అడిగిపిస్తవ్. నువ్వు జర్మనీకి ఫోన్ జేస్తవా?”

అందులో అబద్ధం లేదు. నేను మాట్లాడాల్సిన మాటలన్నీ డైరీలో రాసుకుని ఊరుకునే మనిషిని. ఈసారీ డైరీలోనే రాసుకున్నాను, కాకపోతే ప్రశ్నలు. గురువారం మధ్యాహ్నం మూడున్నరకి, అక్కడ ఆఫీసు తెరిచే వేళకి, ఖాళీగా ఉన్న మీటింగ్ గదిలో తలుపు వేసుకుని ఫోన్ చేశాను.

సింగపూర్ నుంచి ఫోన్ చేస్తున్నానన్నాను. ఆవిడ నవ్వింది. మా ఊరి గురించి అంత దూరంలో రాస్తున్నారా అని అడిగింది. అవునండీ, తప్పు రాసింది నేనే అన్నాను. ఆ తర్వాత మా ఇద్దరికీ మాటలు తేలికయ్యాయి.

బల్లకట్టు తీగ పట్టుకుని ప్రవాహం బలంతోనే దాటుతుందని చెప్పింది. గట్టున ఒక స్తంభానికి గంట ఉంటుంది. ఎక్కాల్సినవాళ్ళు అది కొడితే అవతలి నుంచి బల్లకట్టు వస్తుంది. బడి అవతలి గట్టున ఉంది. వరద రోజుల్లో బల్లకట్టు ఆపేస్తారు. పిల్లల్ని గంటసేపు చుట్టు తిప్పి బడికి దింపాలి. వరద ఎంత ఎత్తుకి వచ్చిందో ఆఫీసు గోడ మీద గీతలు ఉన్నాయి. అన్నిటికంటే పై గీత తన తల కంటే ఎత్తులో ఉందట. మీటింగు హాలు నేల చెమ్మ ఆరదు కాబట్టి పంచాయతీ సభ్యులు ఫైరింజన్ పెట్టే షెడ్డులో కూర్చుంటారు.

చివరికి ఆవిడే అంది, అందరూ మాది ప్రశాంతమైన ఊరని రాస్తారు, మేం రొట్టెల బండి ఎక్కడ ఆగాలన్నదాని మీద కూడా పోట్లాడుకుంటాం, అది రాయండి అని. అదే రాశాను. ‘ప్రశాంతమైన’ అన్న మాట కొట్టేశాను. రెండు రోజులు కూర్చుని ఒక్క పేజీ రాసి, దానికి మాత్రం టిక్ పెట్టాను.

తర్వాతి శుక్రవారం లెక్క తేలింది. అందరి పేజీలూ పూర్తి. నావి పద్దెనిమిది మిగిలాయి. మా టీమ్ లీడ్ గుంటూరాయన. చెడ్డవాడేం కాదు, కొత్తగా వచ్చినప్పుడు నాకు ఇల్లు వెతికిపెట్టింది ఆయనే. నా సీటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“బల్లకట్టా? మా వైపు కృష్ణ మీద బల్లకట్టెక్కి లారీలే దాటతాయమ్మా. వంతెన లైను తీసేశావు కదా, అయిపోయింది. మిగతావాటికి టిక్కులు కొట్టెయ్.”

“మిగతావి నేను చూడలేదండీ.”

“ఎవరు చూశారమ్మా ఇక్కడ? ఎవరన్నా చూశారా?”

చుట్టూ అందరూ నవ్వారు.

“నేను చెప్పేదీ అదేనండీ,” అన్నాను.

నవ్వు ఆగిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను, మౌస్ మీద కాదు.

ఆయన నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగానే చెప్పాడు. సింగపూర్‌లో పనిచేయడానికి నాకున్న పాస్ రెన్యువల్‌కి రెండు నెలలే ఉంది, ఆ కాగితం ఆయన సంతకంతోనే పైకి వెళ్ళాలి. సోమవారంలోగా టిక్కులన్నా పెట్టాలి, లేదా ఆలస్యానికి నేనే కారణమని క్లయింట్‌కి మెయిల్ అన్నా రాయాలి. ఏది కావాలో నన్నే తేల్చుకోమన్నాడు.

ఆదివారం లిటిల్ ఇండియాలో కూరగాయలు కొంటూ కరీంనగర్ అమ్మాయి ఒకటే పోరు. “పద్దెనిమిది టిక్కులే, పది నిమిషాల పని. ఎవనికి తెలుస్తది?”

“ఆ లారీ డ్రైవర్‌కి తెలిసింది,” అన్నాను. ఆమె బెండకాయలు తుంచి చూడ్డంలో పడింది.

సోమవారం మెయిల్ రాశాను. ఆలస్యానికి కారణం నేనే అని మొదటి వరసలోనే ఒప్పుకున్నాను. రెండో వరసలో, ఈ నది మీద ఊళ్ళ పేజీల్లో ఒక్కటి మాత్రమే సరిచూశామని, ముందు పంపినవాటికి సరిచూడకుండానే నేను టిక్ పెట్టానని రాశాను. వంతెన తప్పుగా ఉన్న మిగతా ఊళ్ళ పేర్లు కింద రాశాను. టీమ్ లీడ్‌కి కాపీ పెట్టి, పంపు అన్న బటన్ నొక్కాను.

ఆ పేజీలన్నీ క్లయింట్ వెనక్కి తీసుకున్నాడు. టీమ్ మొత్తం ఆరు వారాలు ఫోన్లు చేస్తూ కూర్చుంది. నన్ను తిట్టుకోనివాళ్ళు లేరు. నా పాస్ కాగితం మీద సంతకం పడలేదు. ఉద్యోగాలు చెట్టుకి కాసే రోజులు కాబట్టి, అదే పార్క్‌లో రోడ్డుకి అటువైపు బిల్డింగ్‌లో ఇంకో ఉద్యోగం దొరికింది. దొరక్కపోయినా అదే రాసేదాన్ని. ఈ మాట ఇప్పుడు ధైర్యంగా చెప్పడం తేలికని నాకూ తెలుసు, అయినా చెప్తాను.

ఆ మెయిల్ మళ్ళీ రాయాల్సొస్తే ఒక్క మాటే మారుస్తాను. ‘క్షమించండి’ అని మొదలుపెట్టాను. ఆ తల్లికి చెప్పాల్సిన మాట అది. క్లయింట్‌కీ, టీమ్ లీడ్‌కీ కాదు. అది తీసేస్తాను.