ముందు దీంట్లో ఏముండె?

మదనపల్లెలో మా మేనత్త మిద్దె మీద డ్రమ్ముల్లో చేపలు పెంచి, ఆ నీళ్లతోనే ఆకుకూరలు పండించేది. పాత డ్రమ్ము ఏది కనబడినా, "ముందు దీంట్లో ఏముండె?" అని అడిగేది.

ఒకసారి పుంగనూరులో ఒక పాత సామాన్ల అంగట్లో చవగ్గా దొరికిన డ్రమ్మును మూడుసార్లు సబ్బుతో కడిగి తెచ్చాను. అదే ప్రశ్న వేసింది. పురుగుల మందని ఒప్పుకున్నాను.

"ఇప్పుడు వాసన కూడా లేదత్తా!"

"వాసన పోతే ఇసం పోయినట్టేనా అప్పా? సేపలు సస్తే కనబడతాది. కూరలోకి దిగితే యాడ కనబడతాది?"

ఇంకెవరూ అందులో నీళ్లు పట్టుకోకుండా డ్రమ్ము అడుగున చిల్లులు పొడిచింది. మర్నాడు నాతో ఆ అంగడికి వచ్చి, మామిడి గుజ్జు ఉండిన పాత డ్రమ్ము కొనిపించింది.

మొన్న అదే అంగట్లో, ధర అడగకముందే నా నోట ఆ ప్రశ్న వచ్చింది. అంగడాయన నవ్వాడు.

"ఆయమ్మ మేనల్లుడివా?"

అవునన్నాను, వీధి చివరికి వినబడేలా.