అప్పను వెతికిన పేజీ

2006లో అనకాపల్లి మెయిన్ రోడ్డు మీద, ఒక మందుల షాపు పై అంతస్తులో నా వెబ్ డిజైన్ ఆఫీసు ఉండేది. ఆఫీసంటే రెండు కంప్యూటర్లు, ఒక యూపీఎస్సు, గోడ మీద నేను చేసిన వెబ్‌సైట్ల ప్రింటవుట్లు. విశాఖలో పెట్టుకోకుండా ఇక్కడెందుకు పెట్టావని అందరూ అడిగేవారు. దేశమంతా బెల్లం పంపే వ్యాపారులున్న ఊళ్ళో వెబ్‌సైట్లకి గిరాకీ ఉండకపోదని నా ధీమా. మొదటి రెండేళ్ళలో ఇద్దరు బెల్లం వ్యాపారులకి, ఒక స్కూలుకి, ఒక కల్యాణ మండపానికి సైట్లు చేశాను. అవి చూసి ఎవరైనా బాగున్నాయంటే ఆ రోజంతా గాల్లో తేలేవాణ్ణి. చూడ్డానికి బాగుంటే సైటు బాగున్నట్టేనని అప్పట్లో గట్టిగా నమ్మాను.

మా మెట్ల కింద గౌరమ్మ కుట్టుమిషను పెట్టుకుని ఉండేది. యాభై అయిదేళ్ళ మనిషి. స్కూలు యూనిఫారాలు, జాకెట్లు కుట్టేది. రోజూ పైకీ కిందకీ తిరుగుతూ ఆమెని పలకరించడం తప్ప పెద్దగా మాట్లాడింది లేదు. ఒక మధ్యాహ్నం ఆమే మెట్లెక్కి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాత ఫొటో.

"బాబూ, కంప్యూటర్లో పెడితే పెపంచకమంతా కనబడతాదంట గదా?" అంది.

"కనబడుతుందమ్మా. ఏం పెట్టాలి?"

"మా అప్పని ఎతకాల."

అక్కని వాళ్ళవైపు అప్ప అంటారు. కూర్చోమన్నాను. ఆమె చెప్పింది. వాళ్ళది కోటవురట్ల. వాళ్ళ నాన్న వయసులో ఉండగానే కూలి కోసం రంగం వెళ్ళిపోయాడు. రంగం అంటే బర్మాలోని రంగూన్. ఈ వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. గౌరమ్మ, ఆమె అప్ప అప్పలనర్సమ్మ ఇద్దరూ అక్కడే పుట్టారు. అరవైల్లో అక్కడ సైనిక పాలన వచ్చి మనవాళ్ళు ఓడలెక్కి తిరిగొచ్చేటప్పుడు గౌరమ్మకి పదమూడేళ్ళు, అప్పకి పంతొమ్మిది. అప్ప అప్పటికే బియ్యం మిల్లులో పనిచేసే ఒక బర్మా అతన్ని పెళ్ళి చేసుకుంది. తండ్రి ఆమెతో మాట మానేశాడు. ఆమె అక్కడే ఉండిపోయింది.

"ఓడకాడికి వొచ్చింది బాబూ. మా అయ్య ఆ పక్కకి సూడనేదు. నాను ఓడ కమ్మీ పట్టుకోని సూసేను. ఎర్ర లుంగీ కట్టుకుంది, ఆళ్ళలాగే. నాను సెయ్యి కూడా ఊపనేదు. ఊపితే మా అయ్య నన్ను కొడతాడనీసి."

తరువాత మూడు ఉత్తరాలు వచ్చాయట. తండ్రి చదవకుండానే చింపేశాడు. ఆయన పోయాక గౌరమ్మ మిల్లు పేరు గుర్తు తెచ్చుకుని ఎవరిచేతో ఉత్తరం రాయించింది. అది తిరిగొచ్చింది. ఇక ఎక్కడ వెతకాలో తెలియక ఊరుకుంది. పైన కంప్యూటర్లు చూసి ఇన్నేళ్ళకి మళ్ళీ ఆశ పుట్టింది.

నేను ఆ పేజీని ప్రాణం పెట్టి చేశాను. ఫొటో స్కాన్ చేసి మరకలు తీసేశాను. ఇద్దరు అప్పచెల్లెళ్ళు, పెద్దామె చెయ్యి చిన్నదాని భుజం మీద. పాత ఉత్తరంలా కనిపించే కాగితం రంగు వెనక వేశాను. అప్పట్లో తెలుగు అక్షరాలు అన్ని కంప్యూటర్లలో కనిపించేవి కావు. అవతలివాళ్ళ దగ్గర కూడా అదే ఫాంటు ఉండాలి, లేకపోతే పిచ్చిగీతలు వచ్చేవి. అందుకని ప్రెస్సుల్లో వాడే డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో అందమైన అక్షరాలతో కథంతా టైపు చేసి, దాన్ని ఇమేజ్‌గా, అంటే ఒక బొమ్మగా మార్చి పేజీలో పెట్టాను. ఇంగ్లీషులో రాసిన పేరానీ, పేర్లనీ, ఊరి పేరునీ కూడా అదే బొమ్మలో కలిపేశాను. విడిగా పెడితే అందం చెడుతుందని. అడుగున నా మెయిల్ అడ్రసు, ఒక హిట్ కౌంటర్ పెట్టాను. పేజీ ఎన్నిసార్లు తెరిచారో లెక్క చూపే అంకెల పెట్టె అది.

గౌరమ్మ ప్రతి శనివారం పైకొచ్చేది. నేను పేజీ తెరిచేవాణ్ణి. ఆమె ఫొటో చూసి, ఆ తరువాత అంకె చూసేది.

"పోయిన వారం ముప్పై నాలుగు. ఇప్పుడు ముప్పై తొమ్మిది. ఈళ్ళలో ఒకరైనా రంగమోళ్ళు ఉంటారేటి?"

"ఉండొచ్చమ్మా," అనేవాణ్ణి.

అలా ఏడాదిన్నర గడిచింది. ఒక్క మెయిలు రాలేదు. అయినా ఆమె రావడం మానలేదు.

2008 మొదట్లో నా బెల్లం వ్యాపారుల్లో ఒకాయన కోపంగా ఫోన్ చేశాడు. "ఏటయ్యా నీ సైటు? మా బావమరిది బెజవాడలో కూకోని మన కొట్టు పేరు కొట్టి ఎతికితే ఎక్కడా కనబళ్ళేదంట." ఎందుకు కనబడలేదో తెలుసుకోవడానికి వారం రోజులు కూర్చుని చదివాను. సెర్చ్ ఇంజిన్, అంటే ఇంటర్నెట్‌లో వెతికిపెట్టే యంత్రం, బొమ్మలోని అక్షరాలు చదవలేదు. దానికి బొమ్మ బొమ్మే. మామూలు టెక్స్ట్‌గా టైపు చేసిన మాటలే అది చదువుతుంది. వాటికన్నా ముందు పేజీకి పెట్టిన టైటిల్ చూస్తుంది.

చదువుతున్నవాణ్ణి ఆగి గౌరమ్మ పేజీ తెరిచి చూశాను. దాని టైటిల్ కూడా నేను మార్చలేదు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టే 'అన్‌టైటిల్డ్ డాక్యుమెంట్' అన్న మాటే ఉంది. ప్రపంచం దృష్టిలో అది పేరు లేని పేజీ, లోపల ఒక బొమ్మ, అంతే. మరి కౌంటర్‌లో ఆ అంకెలు? అవి మేమే. శనివారం ఆమె, మధ్యలో నేను.

ఆ రోజే కిందికి వెళ్ళి అడిగాను. "మీ అప్ప మీ ఊరి పేరు ఎలా పలికేదమ్మా?"

"కోటరట్ల అనీది. నోరు తిరగనోళ్ళకి కోట్‌రాట్ల అని సెప్పీది. ఎందుకు బాబూ?"

ఎందుకో అప్పుడు చెప్పలేదు. ఊరి పేరుకి ఆరు రకాల ఇంగ్లీషు స్పెల్లింగులు, ఇద్దరి పేర్లకీ తోచినన్ని, అన్నీ మామూలు టెక్స్ట్‌గా రాశాను. ఈసారి పేజీ మునుపటంత అందంగా లేదు.

తొమ్మిది వారాలకి మెయిలు వచ్చింది. సింగపూర్‌లో నర్సుగా పనిచేస్తున్న సాన్‌సాన్ అనే అమ్మాయి రాసింది. అప్పలనర్సమ్మ కూతురు. ఫొటోలో వాళ్ళమ్మని గుర్తుపట్టిందట. తరువాతి పేరా చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వాళ్ళమ్మ పోయిన వానాకాలంలో చనిపోయింది. దానికి ముందు ఏడాదంతా తల్లి ఫోన్‌లో అడిగినప్పుడల్లా చెల్లెలి పేరూ ఊరి పేరూ కొట్టి వెతికానని, ఏమీ దొరకలేదని రాసింది. అమ్మ పోయాక కూడా అలవాటు కొద్దీ కొట్టానని, ఈసారి వచ్చిందని.

ఆ ఏడాదంతా మా పేజీ ఉంది. ఉండి, ఆమెకి కనబడలేదు.

తప్పంతా ఇంటర్నెట్ మీదికి నెట్టేయొచ్చు. గౌరమ్మకి తేడా తెలియదు. ఆ ఆలోచన రాలేదని చెప్పను. రెండు రోజులు మెట్లు దిగేటప్పుడు ఆమె వైపు చూడలేకపోయాను. మూడో రోజు వెళ్ళి ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పాను. అప్ప పోయిందని, కూతురు దొరికిందని, ఎందుకు ఆలస్యమయిందో, అది ఎవరి వల్లో.

ఆమె మిషను మీది గుడ్డని తీసి మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే అదీ ఎతికిందన్నమాట," అంది.

"కూతురిచేత వెతికించిందమ్మా. ఏడాది పాటు."

"మర్సిపోనాదనుకున్నాను. మా అయ్య మీద కోపంతో నన్నూ వొదిలీసిందనుకున్నాను. నానొక్కదాన్నే ఎతుకుతన్నాననుకున్నాను బాబూ, ఇన్నాళ్ళూ."

నేను క్షమించమన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. "నీ మీద కోపం నేదని సెప్పను. ఉంటాది కొన్నాళ్ళు. కానీ నువ్వు సెప్పీసేవు. అది మంచిదే."

ఆ తరువాత నెలకి పైగా ఆమె పైకి రాలేదు. నేను పలకరిస్తే తలూపేది, అంతే. ఒక ఆదివారం ఉదయం తనే వచ్చి, "ఆ పిల్లతో మాటాడించు" అంది. సాన్‌సాన్ తన ఫోన్ నంబరు ముందే పంపింది. కలిపి స్పీకర్ పెట్టాను. ఆ అమ్మాయి తెలుగు రాదని నాతో ఇంగ్లీషులో చెప్పింది. అమ్మ రోజూ అడిగే ఒక్క మాట మాత్రం వచ్చునంది. తరువాత చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు, ఒక్కో అక్షరం విడదీసి అంది: "పిన్నీ, బువ్వ తిన్నావేటి?"

గౌరమ్మ ఫోన్ మీదికి వంగింది. "తిన్నానమ్మా. నువ్వు తిన్నావా?" అంది. అవతలివాళ్ళకి అది అర్థం కాదు. అయినా నేను మధ్యలో మాట్లాడలేదు.

ఫోన్ పెట్టేశాక, "గొంతు మా అప్పది కాదు. మాట దానిదే," అంది ఆమె. మెట్లు దిగుతూ కమ్మీ పట్టుకుని ఒకసారి ఆగింది, మళ్ళీ దిగింది.

ఈ పనిలో ఆ తరువాత చాలా సైట్లు చేశాను, వాటిలో పెద్ద కంపెనీలవీ ఉన్నాయి. ఏ పేజీ అయినా పూర్తయిందని క్లయింట్‌కి చెప్పే ముందు, ఎక్కడో దూరాన ఉన్న ఒక మనిషిని ఊహించుకుంటాను. ఆ మనిషికి మన లిపి రాదు. మన ఊరి స్పెల్లింగు తెలియదు. ఎవరో పలకగా విన్న ఒక్క పేరు మాత్రం చెవిలో ఉంది. ఆ పేరు కొడితే నా పేజీ దొరుకుతుందా అని వేరే కంప్యూటర్ మీద నేనే వెతికి చూస్తాను. దొరికాకే రంగులు, అక్షరాలు, అందం. ఇది పుస్తకాల్లో మొదటి పాఠంలోనే ఉంటుంది. నేను మాత్రం ఒక వానాకాలం ఆలస్యంగా నేర్చుకున్నాను.