ఎస్తేరు డాక్టరుగారు చూపించిన నోరు

మొన్న మండపేటలో ఒక పెళ్ళికి వెళ్ళాను. చేతులు కడుక్కునేచోట అద్దం కింద నీలం రంగు మౌత్‌వాష్ సీసా, పక్కనే చిన్న కాగితపు కప్పులు పెట్టారు. నా ముందున్నాయన పుక్కిలించి ఉమ్మేసి వెళ్ళాడు. ఆ ఘాటైన పుదీనా వాసన ముక్కుకి తగలగానే నా నాలుక మొద్దుబారినట్టయింది. తడిచేతులతోనే పక్కకి జరిగి గోడకి ఆనుకున్నాను. "కళ్ళు తిరుగుతున్నాయాండీ?" అని ఎవరో అడిగితే ఏమీ లేదన్నాను. నరసాపురంలో మా పళ్ళ డాక్టరుగారు ఉండేవారని, ఆవిడ పేరు ఎస్తేరు అని, ఆ పెళ్ళి సందట్లో ఎవరికి చెప్పను?

నేను నరసాపురంలో చిన్నపిల్లల బళ్ళో టీచర్ని. కరోనా రోజుల్లో మాస్కు పెట్టుకుని పాఠం చెబుతుంటే నా ఊపిరి వాసన నాకే కొట్టింది. నా నోరు వాసన వస్తోందని ఎవరూ ఎప్పుడూ అనలేదు. మాస్కులు పోయాయి గాని ఆ భయం పోలేదు. పొద్దున లేవగానే, ఇంటర్వెల్లో, అన్నం తిన్నాక, పిల్లల అమ్మానాన్నలు ఎవరైనా వస్తున్నారంటే అప్పుడూ మౌత్‌వాష్ పుక్కిలించేదాన్ని. క్రిములన్నిటినీ చంపుతుందని సీసామీద ఉండేది. నాకు కావలసిందీ అదే. పంటి చిగురు కాస్త సలిపితే మెడికల్ షాపుకెళ్ళి యాంటీబయాటిక్ బిళ్ళలు నాకు నేనే కొనుక్కునేదాన్ని. నోరు ఎప్పుడూ ఎండిపోయి ఉండేది, కూర రుచి సరిగ్గా తెలిసేది కాదు. శుభ్రమైన నోరంటే ఇలాగే ఉంటుందనుకున్నాను.

ఒకరోజు రెండో తరగతికి 'ళ' పలకడం నేర్పుతున్నాను. నాలుక వెనక్కి ఎలా మడవాలో చూపిద్దామని నోరు బాగా తెరిచాను. ముందు వరసలో కూర్చున్న పిల్ల కెవ్వుమంది. "టీచర్‌గారండీ, మీ నాలిక నల్లగా ఉందండీ!" క్లాసంతా లేచి నిలబడింది. కొందరు నవ్వారు. ఆ పిల్ల మాత్రం ఏడుపు ఆపలేదు. స్టాఫ్ రూములోకి పరుగెత్తి ఫోను కెమెరాలో చూసుకున్నాను. నాలుక మధ్యనుంచి వెనకదాకా నల్లగా, బొచ్చు మొలిచినట్టుగా ఉంది. అది నా ఒంట్లోదేనని నమ్మబుద్ధి కాలేదు.  

ఎస్తేరు గారి క్లినిక్ ఒక లేసు దుకాణం మేడమీద ఉండేది. నడివయసు మనిషి, గొంతు కొంచెం బొంగురు. నవ్వితే మాత్రం తెల్లటి పలువరసే ముందు కనిపించేది. ఆవిడ లైటు వెయ్యకముందే "క్యాన్సరాండీ?" అని అడిగేశాను.

"ముందు చూడనివ్వండి టీచర్‌గారూ," అన్నారు. నిదానంగా చూసి, "కాదండి. నాలిక మీద సన్నటి నూగుంటుంది. అది ఎప్పటికప్పుడు రాలిపోవాలి. మీకు రాలకుండా పెరిగి రంగు పట్టింది. ఇంతకీ నోట్లో ఏం పోస్తున్నారు?"

చెప్పాను.  ఆవిడ నా పంటి మొదట్లోంచి రవ్వంత పాచి గీకి, గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపు కిందకి తోశారు. గోడకున్న టీవీలో బొమ్మ వచ్చింది. పుల్లల్లాంటివి, దారాల్లాంటివి, మెలికలు తిరుగుతూ ఈదేవి. ఒకదానిమీద ఒకటి, కిక్కిరిసి, కదులుతూ.

"ఇవెక్కడివండీ?"

"మీవేనండి. ఇప్పుడే తీశాను కదా."

 అంత మందు పోశాక కూడా నాలో ఇంత క్రిముల జనాభానా? కుర్చీలోంచి లేచిపోయాను. "అన్నిటినీ చంపెయ్యండి డాక్టరుగారూ!" అన్నాను. ఆవిడ గట్టిగా నవ్వారు.

"ఇన్నాళ్ళూ మీరు చేసింది అదేగా? మంచీ చెడూ చూడకుండా అందరినీ కొట్టారు. వీటిల్లో మీకు కాపలా కాసేవీ ఉన్నాయండి. అవి పోతే నోరు ఖాళీగా ఉండదు. వాసన తెచ్చేవి, చిగుళ్ళు పాడుచేసేవి వచ్చి కూర్చుంటాయి."

మంచి బ్యాక్టీరియా బిళ్ళలని ఫోనులో చూశానని, అవి ఇమ్మని అడిగాను. "ఇస్తానండి. కొందరికి వాసన తగ్గుతుంది, అందరికీ తగ్గుతుందని చెప్పలేను. వేసుకోవడం మానేస్తే అవీ నిలవవు. కానీ ఒకటి. పొద్దున బిళ్ళ చప్పరించి సాయంత్రం ఆ మందు పుక్కిలిస్తే, నాట్లేసిన చేలో గడ్డిమందు కొట్టినట్టే." మెత్తగా బ్రష్ చెయ్యమన్నారు, నాలుక నెమ్మదిగా గీసుకోమన్నారు, నీళ్ళు తాగమన్నారు, అడగకుండా యాంటీబయాటిక్ ముట్టుకోవద్దన్నారు. ఆవిడ రాసిచ్చిన బిళ్ళలు వేసుకోవడం తేలికే గాని, ఆ సీసా మానడమే నాకు కష్టమైంది.

మళ్ళీ వెళ్ళినప్పుడు నేను నోరు తెరవకముందే, "పుదీనా వాసనొస్తోందండి," అన్నారు. నాకు ఏడుపొచ్చింది. పుక్కిలించకుండా మనుషుల ముందు నిలబడలేకపోతున్నానని, నా నోరంటే నాకే అసహ్యంగా ఉందని చెప్పాను. ఆవిడ లేచారు. వెళ్ళి గది తలుపు గడియ పెట్టారు. గోడవైపు తిరిగి ఏదో చేసి, నావైపు తిరిగారు.

ఆవిడ ముఖం కూలిపోయింది. బుగ్గలు లోపలికి పోయి, పెదవులు ముడుచుకుపోయి, ఎవరో ముసలావిడ నా ఎదుట నిలబడి ఉంది. అరచేతిలో ఆ తెల్లటి పలువరస. ఆవిడ నోరు తెరిచి చూపించారు. ఒక్క పన్ను లేదు. నేను కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాను.

మళ్ళీ పళ్ళు పెట్టుకుని నా పక్కన కూర్చున్నారు. "గొంతులో గడ్డకి రేడియేషన్ ఇచ్చారండి. ప్రాణం దక్కింది గాని ఉమ్మి ఊరడం ఆగిపోయింది. ఉమ్మి లేకపోతే ఆ మంచివి బతకవు. పళ్ళు మొదళ్ళలోకి పుచ్చి ఒక్కొక్కటే విరిగాయి. పళ్ళ డాక్టర్ని, అన్నీ తెలుసు, అయినా ఆపలేకపోయాను. మీకు దేవుడిచ్చిన ఉమ్మి ఉంది, పళ్ళున్నాయి. ఎవరూ అనని మాటకి భయపడి వాటిని పాడుచేసుకుంటారా?"

ఆ రోజే సీసా పారబోశాను. నాలుక మెల్లగా ఎర్రబడింది, చింతపండు పులుపు మళ్ళీ నాలుకకి తెలిసింది. అద్దం ముందు పళ్ళు తోముకుంటుంటే, లోపల ఉన్నవాటిమీద అసహ్యం పోయి ఒకరకమైన బాధ్యత వచ్చింది.

పోయినేడాది ఎస్తేరు గారికి ఆ జబ్బు తిరగబెట్టింది. పోయారని నాకు తెలిసేసరికి సమాధి కూడా అయిపోయింది. జ్ఞాపకార్థ ప్రార్థన కూటం నాడు వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ చెల్లెలు రూతమ్మ గారు, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారట, నాకు టీ ఇచ్చి పక్కన కూర్చున్నారు. ఓదార్పుగా ఉంటుందని ఆ రోజు జరిగింది చెప్పాను. పళ్ళు తీసి చూపించారనగానే రూతమ్మ గారి చేతిలో కప్పు ఆగిపోయింది.

"మీకు చూపించిందా?"

"అవునండి."

"ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉన్నామండి. నాకెప్పుడూ చూపించలేదు. ఆ పళ్ళు తలుపేసుకునే కడుక్కునేది. ఆఖరికి ఆసుపత్రిలో నర్సు తియ్యమంటే కూడా, కర్టెన్ వేయించి, మాస్కు పెట్టుకున్నాకే తీసింది. నేను చూస్తానని."

 రోగులందరికీ అలాగే చూపిస్తారేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. తోడబుట్టినదాని దగ్గర కూడా దాచుకున్నదాన్ని, నల్లబడ్డ నాలుకతో వచ్చిన ఒక టీచరు కోసం గడియ పెట్టి బయటికి తీశారు.

రూతమ్మ గారు కప్పు కింద పెట్టి, చాలా మెల్లగా అడిగారు. "ఎలా ఉందండీ మా అక్క, అప్పుడు?"

 కళ్ళు మూసుకుంటే ఆ ముఖం వచ్చింది, ఇప్పటికీ వస్తుంది. నేను బెదిరిపోయి చూస్తుంటే ఆవిడ ఆ బోసినోటితోనే, చంటిపిల్లకి ధైర్యం చెప్పినట్టు, నాకేసి చూసి...

"నవ్వారండి," అన్నాను.

రూతమ్మ గారు నా ముఖంలోకే చూస్తూ ఉండిపోయారు, అందులో ఎక్కడైనా అక్క కనిపిస్తుందేమో అన్నట్టు.