తీర్ నెల మూడో తారీఖు

జానకీబాయికి ఆ ఏడాది నలభై ఆరు నిండాయి. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతోంది. నిలబడి నిలబడి మోకాళ్లు అరిగాయి, సుద్దపొడి పీల్చి పీల్చి గొంతు ఎప్పుడూ గరగరలాడేది. భర్త విద్యాసాగర్‌రావు ఆసిఫాబాద్‌లో నీటిపారుదల ఇంజినీరు. శనివారం సాయంత్రం బస్సు దిగి, సోమవారం పొద్దున్నే మళ్లీ బస్సెక్కేవాడు. నడుమ ఉన్న ఆ ఒక్క ఆదివారం ఆవిడకు వంట రెట్టింపు. అలసట ఎలా ఉంటుందని ఎవరూ ఆవిడను అడగలేదు. అడిగినా చెప్పే ఓపిక ఆవిడకు లేదు.

పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంటర్ పిల్లల కోసం ఆవిడ రెండేళ్లు కూర్చుని ఒక లెక్కల పుస్తకం రాసింది. అచ్చయ్యేసరికి అట్ట మీద డిపార్టుమెంటు పెద్దాయన పేరు ఉంది. ముందుమాట చివర ‘సహకరించిన తోటి అధ్యాపకులకు’ అని ఒక ముక్క. సొమ్మొకడిది సోకొకడిది. ఆవిడ ఆ పుస్తకమే చేతబట్టుకుని ఆరేళ్లు పాఠం చెప్పింది, ఒక్కనాడూ నోరెత్తలేదు. కానీ పుస్తకం తెరిచిన ప్రతిసారీ అట్టను మాత్రం వెనక్కి మడిచేది.

తొంభై ఎనిమిదిలో కాలేజీకి కంప్యూటర్ వచ్చింది. ఎప్పుడో ఆరు నెలల కోర్సులో బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్న పాపానికి, సిబ్బంది జాబితా తయారుచేసే పని జానకీబాయి నెత్తిన పడింది. పేరు, చేరిన తేదీ, పుట్టిన తేదీ, దిగిపోయే తేదీ. పాతవాళ్లంతా రిటైరైపోగా, పుట్టిన తేదీ ఇంకా ఫస్లీలోనే ఉన్నవాడు ఒక్కడే మిగిలాడు. అతను గంట కొట్టే అటెండర్ రాజయ్య. ఫస్లీ అంటే నిజాం కాలంలో సర్కారు కాగితాల మీద నడిచిన సంవత్సరం. రాజయ్య ఊరి పోలీస్ పటేల్ దఫ్తర్‌లో అతని పుట్టుక ‘తీర్ నెల 3, ఫస్లీ 1348’ అని ఉంది. తీర్ అంటే ఆ లెక్కలో ఎనిమిదో నెల.

ఏదో పత్రికతో పాటు వచ్చిన సీడీలో తేదీలు మార్చే ఉచిత ప్రోగ్రాం ఒకటి ఉంది. ప్రపంచంలో ఉన్న పంచాంగాలన్నీ అందులో ఉన్నాయి, ఫస్లీతో సహా. జానకీబాయి అంకెలు కొట్టింది. 1939 ఫిబ్రవరి అని వచ్చింది. అరవై ఏళ్లకు ఉద్యోగ విరమణ కాబట్టి 1999 ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన రాజయ్య దిగిపోవాలి. అప్పటికి సాయంత్రం ఐదయింది, ఇంట్లో బియ్యం కూడా కడగలేదు. అచ్చు తీసి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

నవంబరులో రాజయ్య చేతిలో కాగితం పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చాడు.

“మేడం, జర గిది సదివి చెప్పుండ్రి. నన్ను ఫిబ్రవరిల పొమ్మంటున్రట.”

“అరవై నిండుతున్నయి కద రాజయ్యా.”

“గప్పుడెట్ల నిండుతయి? మా అవ్వ రామవ్వ తునికాకు కట్టలు కట్టుకుంట కట్టుకుంట నన్ను కన్నదట. కల్లంల కట్టలు పరుస్తుంటె నొప్పులొచ్చినయని సచ్చేదాక చెప్పింది. ఫిబ్రవరిల తునికాకు యాడుంటది మేడం? చెట్టుకు చిగురే రాదు.”

తునికాకు బీడీలు చుట్టే ఆకు. ఎండలు ముదిరాక, ఏప్రిల్ చివరా మే మొదటా కోస్తారు. ఆ సంగతి ఆదిలాబాద్ అడవుల్లో పసిపిల్లకు కూడా తెలుసు. కంప్యూటర్‌కు తెలియలేదు. జానకీబాయికి తెలిసి కూడా తట్టలేదు.

“మూడు నెల్లే కద” అంటారెవరైనా. రాజయ్య పద్నాలుగేళ్లు రోజుకూలీ మీద గంట కొట్టాడు. ఉద్యోగం పర్మనెంటు అయింది ఎనభై తొమ్మిది ఏప్రిల్ ఒకటిన. పదేళ్లు నిండితేనే పింఛను. మార్చి చివరిదాకా ఉంటే నిండుతాయి, ఫిబ్రవరిలో దిగిపోతే ఒక్క నెల తక్కువ. ఆ ఒక్క నెలా తన చేతి మీదుగా పోతోందని జానకీబాయికి అప్పుడు అర్థమైంది.

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు.

“పోయిన నెల మీరే కంప్యూటర్‌ల తీసి ఇస్తిరి. ఇప్పుడు ఆకుల కాలం అంటున్నరు. రేపు ఆడిట్‌కు నేను ఆకు చూపిస్తనా మేడం? కంప్యూటర్ తప్పు చెప్తదా? అదే కంప్యూటర్ మే నెల అంటె నేను సంతకం పెడ్త.”

ఎక్కడో ఊరూ పేరూ తెలియనివాడు రాసింది ఈయనకు వేదం. పొరుగింటి పుల్లకూర రుచి మరి.

ఆ ఉచిత ప్రోగ్రాంలో ఒక మంచి గుణం ఉంది. దాని లోపలి రాతంతా దాపరికం లేకుండా సీడీలోనే పెట్టి ఉంటుంది. తప్పు కనిపిస్తే ఎవరైనా సరిచేసి, రాసినాయనకు పంపవచ్చు. ఆయన ఒప్పుకుంటే అది అందరిదీ అవుతుంది. జానకీబాయి తన మిషన్‌లో తాను ఒక అంకె మార్చుకుని అచ్చు తీయవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ అది దొంగలెక్క. ఇరవై రెండేళ్లు పిల్లల దొంగలెక్కలకు సున్నాలు చుట్టిన మనిషి ఆ పని చేయలేకపోయింది.

లోపలి రాత తెరిచి చూసింది. ఆవిడ నేర్చిన బేసిక్‌కూ దీనికీ చుట్టరికమే లేదు. పేరు లిస్ప్ అట. ఎటు చూసినా బ్రాకెట్లు. రెండూ మూడూ కూడాలంటే ముందు ‘కూడు’ అని, ఆ తరవాత రెండూ మూడూ చెప్పాలి. బ్రాకెట్‌లో బ్రాకెట్, దానిలో ఇంకో బ్రాకెట్. కరీంనగర్ పుస్తకాల షాపుల్లో ఆ పేరు చెబితే మందుల షాపులో అడగమన్నారు. సీడీలో ఉన్న పాఠాన్నే కాలేజీ ప్రింటర్ మీద కిర్రు కిర్రుమంటూ అచ్చుతీసుకుని, బస్టాప్‌లో, పరీక్ష హాల్లో, పప్పు ఉడికేలోగా పొయ్యి పక్కన చదివింది. నాలుగు వాక్యాలు చదివితే మూడు మరిచిపోయేది. ఇరవై ఏళ్లప్పుడు ఒకసారి చూస్తే పట్టుబడే బుర్ర ఎక్కడికి పోయిందోనని ఏడుపొచ్చేది. ఒక వారమంతా ప్రోగ్రాం కదలకపోతే, ఆదివారం ఉల్లిగడ్డలు పక్కన పెట్టి పెన్సిల్‌తో బ్రాకెట్లు లెక్కపెట్టింది. నూట పద్నాలుగు తెరిచి, నూట పదమూడు మూసింది.

“గీ వయసుల గిదేం చదువు?” అన్నాడు విద్యాసాగర్‌రావు, ఎసట్లో బియ్యం తానే పోస్తూ.

“నేను చేసిన తప్పు” అంది ఆవిడ. ఆ తరవాత ఆదివారాలు పప్పు ఆయనే వండాడు. ఉప్పెక్కువ వేసేవాడు.

జనవరి సగానికి తప్పు దొరికింది. రాసినాయన ఫస్లీ సంవత్సరాన్ని జులైలో మొదలుపెట్టాడు. మన దగ్గర అది అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలు. తీర్ ఎనిమిదో నెల కాబట్టి ఆయన లెక్కలో ఫిబ్రవరి అయింది, మన లెక్కలో మే. ఎంత తెలివితక్కువ మనిషి అనుకుంది జానకీబాయి. జులై తీసేసి అక్టోబరు పెట్టింది. బస్టాండు పక్కన కైలాసం నడిపే ఎస్టీడీ బూతులో హైదరాబాద్‌కు ఫోను కలిపి ఈమెయిల్ పంపే కంప్యూటర్ ఉండేది. ఆదివారం అక్కడ కూర్చుని, సవరణను ఆ ప్రోగ్రాం రాసిన, హాలండ్‌లో ఉన్న హెంక్ అనే ఆయనకు పంపింది.

వారానికి జవాబొచ్చింది. మర్యాదగానే ఉంది. “మీ సవరణ చూశాను. మద్రాసులో ఉన్న ఒకాయనకు కూడా చూపించాను. తన తాత భూమి పత్రాలన్నీ జులై ఫస్లీతోనే ఉన్నాయనీ, మీ మార్పుతో అవన్నీ తప్పవుతాయనీ ఆయన అంటున్నారు. మీ ఇద్దరిలో ఎవరిది నిజం? కాగితం ఏదైనా ఉందా?”

జానకీబాయి కైలాసం బూతులో ఆ జవాబును మళ్లీ మొదటి నుంచి చదివింది. మద్రాసు వైపు ఫస్లీ వేరు, నిజాం ఇలాకా ఫస్లీ వేరు. ఆ ముక్క ఆవిడకు తట్టనేలేదు. ఇంట్లో తండ్రి నోట విన్నదే ఫస్లీ, తక్కింది తప్పు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. హెంక్‌ను తిట్టుకున్నది ఏ తప్పుకో, సరిగ్గా అదే తప్పు తానూ చేసింది. రాజయ్య నెల నిలబెట్టబోయి, మద్రాసులో ఎవరి తాత తేదీలనో కూలదోయబోయింది.

“ఏందమ్మా పరేషాన్‌గ ఉన్నరు, పైసలేమన్న పోయినయా?” అన్నాడు కైలాసం.

“పైసలైతే మంచిగుండు” అంది.

జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేసి, మిఠాయి పొట్లం రాజయ్య చేతిలో పెట్టి, లక్సెట్టిపేట బస్సెక్కింది. తమ్ముడు బాపురావు ఇంట్లో తండ్రి ఇనపపెట్టె ఉంది. మధ్యాహ్నమంతా వెతికితే తండ్రి జలపతిరావు చదువు సర్టిఫికెట్ దొరికింది. ఒక వైపు ఉర్దూ, ఒక వైపు ఇంగ్లీషు, కింద రెండు తేదీలు పక్కపక్కనే: అమర్దాద్ 1, ఫస్లీ 1350, జూన్ 6, 1941. అమర్దాద్ తీర్ తరవాతి నెల. అది జూన్ అయితే తీర్ మే కావాల్సిందే.

“అక్కా, గీ కాయితం కోసం గింత దూరం వచ్చినవా? కార్డు రాస్తె నేనే పంపకపోదునా” అన్నాడు బాపురావు.

“నువ్వు పంపేటాల్లకు రాజయ్య ఇంట్ల కూసుంటడు.”

రెండు ఫస్లీలూ ఉండేలా, ఏది కావాలో మనిషి ఎంచుకునేలా మళ్లీ రాయాలి. అది మొదటిదానికంటే నాలుగింతల పని. ఫిబ్రవరిలో ప్రాక్టికల్ పరీక్షలు, మోకాళ్లలో నీరు, ఇంటికొస్తే బ్రాకెట్లు. ఒక్కోసారి కూర్చున్నచోటే కునికిపాట్లు పడేది. తండ్రి సర్టిఫికెట్‌లోని రెండు తేదీలూ జతచేసి పద్నాలుగో తేదీన పంపింది. ఇరవై ఒకటిన హెంక్ రెండు తప్పులు చూపించాడు. అవి సరిచేసి కైలాసం బూతుకు నడుస్తుంటే వానాకాలం గేదెలా కాళ్లు ఈడ్చుకుంటున్నానని ఆవిడకే అనిపించింది.

ఫిబ్రవరి ఇరవై ఏడు శనివారం. మరునాడు ఆదివారం కాబట్టి సన్మానం ఆ రోజే చేశారు. బంతిపూల దండ, శాలువా, స్టీలు డబ్బా. దిగిపోయినట్టు ఆర్డరు మీద సంతకం మాత్రం సోమవారానికి ఆగింది. రాజయ్య దండతోనే వెళ్లి చివరి గంట కొట్టాడు. జానకీబాయి క్లాసులోంచి బయటికి రాలేదు.

ఆదివారం హెంక్ ఉత్తరం వచ్చింది. “చేర్చుకున్నాను. కొత్త కూర్పు ఈ రోజే విడుదల చేశాను. మా ఆనవాయితీ ప్రకారం, ఏ పంచాంగం వాడితే దాన్ని సరిచేసినవారి పేరు అచ్చు కింద వస్తుంది.” కైలాసం ఆ కూర్పును ఫ్లాపీలోకి ఎక్కించి ఇచ్చాడు.

సోమవారం అందరికంటే ముందు కాలేజీకి వెళ్లి అచ్చు తీసింది. తీర్ 3, ఫస్లీ 1348: మే 9, 1939. దాని కింద సన్న అక్షరాల్లో: ‘హైదరాబాద్ ఫస్లీ సవరణ: జానకీబాయి, కరీంనగర్.’ ఇరవై రెండేళ్లలో మొదటిసారి. ఆవిడ ఆ వరుసను రెండుసార్లు చదువుకుంది. మోకాళ్ల నొప్పి కాసేపు గుర్తుకు రాలేదు.

ప్రిన్సిపాల్ కాగితం తీసుకున్నాడు. తేదీ చూసి తలూపాడు. పెన్ను తీశాడు. కింది వరుస దగ్గర ఆగాడు.

“గిదేంది మేడం, మీ పేరున్నది?”

“ఆ లెక్క నేనే సరిచేసిన సార్. వాళ్లు ఒప్పుకున్నరు. ఇగో ఉత్తరం.”

ఆయన ఉత్తరం చూడలేదు, పెన్ను మూత పెట్టేశాడు. “మీరే రాసి మీరే అచ్చు తీస్తె గది కంప్యూటర్ చెప్పినట్టు ఎట్లయితది? మన లెక్చరరే రాసిందని ఆడిట్ వాళ్లు అంటె నేనేం చెప్పాలె? పోయినసారి కాయితం మీద ఎవ్వరి పేరు లేకుండె కద.”

ఎవరి పేరూ లేని తప్పు చెల్లింది. పేరున్న ఒప్పు చెల్లలేదు. పెరటిచెట్టు మందుకు పనికిరాదు. ఆవిడకు అరవాలనిపించింది. పుస్తకం సంగతి, అట్ట సంగతి, బ్రాకెట్ల సంగతి అన్నీ ఒక్కసారి నోటిదాకా వచ్చాయి. కిటికీలోంచి చూస్తే గంట కింద రాజయ్య నిలబడి ఉన్నాడు. దిగిపోయిన మనిషి, అలవాటు కొద్దీ వచ్చాడు. కొట్టాలో వద్దో తెలియక సుత్తి చేతిలో పట్టుకుని ఆఫీసు వైపు చూస్తున్నాడు.

“పది నిమిషాలు ఆగుండ్రి సార్” అంది.

కంప్యూటర్ ముందు కూర్చుని లోపలి రాత తెరిచింది. పేరు అచ్చువేసే వరుస ఎక్కడుందో ఇప్పుడు వెతకక్కర్లేదు. దాన్ని తీసేసి, బ్రాకెట్లు సరిచూసి, మళ్లీ అచ్చు తీసింది. తేదీ అదే. కింద ఖాళీ. హెంక్ పంపిన కూర్పు ఎక్కడెక్కడికి పోతుందో అక్కడంతా ఆవిడ పేరు ఉంటుంది, కరీంనగర్‌లో ఈ ఒక్క మిషన్‌లో తప్ప.

ప్రిన్సిపాల్ రాజయ్య దిగిపోయే తేదీని మే చివరికి మార్చి సంతకం పెట్టాడు. “చూసిన్రా, కంప్యూటర్ మంచిగనే చెప్తది” అన్నాడు. ఆయన హేళన చేయడం లేదు, నిజంగానే అన్నాడు. ఆవిడకు అది ఇంకా కష్టంగా తోచింది.

సంగతి విని రాజయ్య కంప్యూటర్ గదికి వచ్చాడు. శనివారం దండ సంచీలోనే ఉన్నట్టుంది, బంతిపూలు వాడి నల్లబడ్డాయి. దాన్ని తెచ్చి మానిటర్ మీద వేశాడు. రెండు చేతులూ జోడించాడు.

“మిషన్ అయితే ఏంది మేడం, మా రామవ్వ మాట గది నమ్మింది. మనుషులు నమ్ముతరా?”

“నమ్మరు రాజయ్యా” అంది జానకీబాయి. “పో, గంట కొట్టు. టైమయింది.”

అతను వెళ్లి గంట కొట్టాడు. ఆవిడ సుద్దముక్క తీసుకుని, అట్ట వెనక్కి మడిచిన పుస్తకంతో మెట్లెక్కింది.